ఎక్స్‌ప్రెస్ కాచిగూడ, లోకల్ మౌలాలి

పోయిన వారం బేగంపేటలోని మా ఆఫీసుకి ఒక పెద్దాయన వచ్చారు. మీటింగుకి ఇంకా టైముందని, ఈలోగా మెయిల్ చూసుకుందామని లాప్‌టాప్ తెరిచారు. బయటివాళ్ల కోసం పెట్టిన వైఫై పేరూ పాస్‌వర్డూ నేనే చెప్పాను. అవి కొట్టగానే తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. అందులో వంకర్లు తిరిగిన అక్షరాలు, వాటి మీద అడ్డదిడ్డంగా గీతలు. మీరు మనిషేనని నిరూపించుకోవడానికి పై అక్షరాలు కింద టైపు చెయ్యండి అని ఒక వాక్యం. పెద్దాయన కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చూసి, "అమ్మా, ఇవేంటో కొంచెం చదువుతావా?" అన్నారు.

నేను వంగి చూసి గడగడా చదివేశాను. "ఎక్స్‌ప్రెస్ కాచిగూడ, లోకల్ మౌలాలి, ఏడు, లోకల్ ఫలక్‌నుమా, ఎక్స్‌ప్రెస్ వరంగల్."

పెద్దాయన వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. రిసెప్షన్‌లో అమ్మాయి తలెత్తి నన్ను చూసింది.

"సారీ అండీ, పెద్ద కె, చిన్న ఎం..." అని మళ్లీ మొదలుపెట్టాను. కానీ నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ రోజంతా పని మధ్యలో నవ్వొస్తూనే ఉంది. ఆ భాష నాకు నేర్పినవాడు అలా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నట్టే అనిపించింది.

మేమందరం ఆయన్ని అన్న అనేవాళ్లం. మౌలాలి రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తుండేవాడు, రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసినవాళ్ల జీవితాల మీద. పుట్టుకతోనే చూపు లేదు. ఈ సంగతి నేను చివర చెప్పడం ఆయనకు నచ్చుతుంది. "అందరు గదే మొదలు చెప్తరు, తర్వాత ఎవ్వరు ఏమి వినరు" అనేవాడు.

ఎమ్మేలో చేరిన మొదటి వారం ఆయన నాకు దొరికాడు. నిజానికి నేనే ఆయనకు దొరికాను. మా యూనివర్సిటీ లైబ్రరీ పాతకాలపు రాతి కట్టడం. బయట ఎండలు మండిపోతున్నా లోపల చల్లగా ఉండేది. ఫోన్‌కి మెసేజీలు వచ్చేవి గానీ, ఆ గోడల్లోకి ఫోన్ నెట్ మాత్రం రాలేక గుమ్మం దగ్గరే ఆగిపోయేది. లోపల నెట్ కావాలంటే క్యాంపస్ వైఫై ఒక్కటే దిక్కు. జర్నల్స్, పాత పుస్తకాల స్కాన్ కాపీలు అయితే ఆ వైఫైలో ఉంటేనే తెరుచుకునేవి. నేను ఖాళీ టేబుల్ వెతుక్కుంటూ తిరుగుతుంటే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"గా కొత్త చెప్పులెవలియి? జెర ఇటు రా."

నా చెప్పులు నిజంగానే కొత్తవి. కిర్రుకిర్రుమంటున్నాయి. సిగ్గుపడుతూ వెళ్లాను. ఇస్త్రీ మడత చెదరని నిమ్మపండు రంగు చొక్కాలో ఒకాయన లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. చెవిలో ఒక ఇయర్‌ఫోన్, రెండోది మెడ మీద వేలాడుతోంది. పక్కన మడతపెట్టిన తెల్లకర్ర. లాప్‌టాప్ లోంచి సన్నగా, ఎవరో ఊపిరి తీసుకోకుండా తిడుతున్నట్టు శబ్దం. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు అది.

"ఇది పేరడిగింది, చెప్పిన. పాస్‌వర్డడిగింది, చెప్పిన. ఇప్పుడు 'గ్రాఫిక్' అంటది, నోరు మూసుకుంటది. గక్కడేం బొమ్మున్నదో చదువు."

"కె, ఎం, ఏడు..."

"పెద్దదా, చిన్నదా?"

"ఏదండీ?"

"అండీ!" అని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏ ఊరమ్మా మీది?"

"అల్వాల్ అండీ."

"అల్వాలోళ్లు అండీ అంటరా?"

"మా తాతయ్యవాళ్లు తెనాలి నుంచి వచ్చారండీ."

"గట్ల చెప్పు. సరే, విను. మా నాయన రైల్వేల చేసిండు. నాకు ఏ, బీ, సీ, డీలు తెల్వకముందు స్టేషన్లు తెల్సు. కె అంటే కాచిగూడ, ఎం అంటే మౌలాలి. పెద్దక్షరమైతే ఎక్స్‌ప్రెస్, చిన్నదైతే లోకల్. బీ, డీ, పీ అన్నీ ఒక్క తీరుగనే వినపడ్తయి, గందుకే ఈ ఇంతజాం. ఇప్పుడు చదువు."

నేను చదివాను. ఎక్కడ తడబడ్డా ఆగమని చెయ్యెత్తేవాడు. ఎఫ్ అంటే ఫలక్‌నుమా, ఎన్ అంటే నాంపల్లి, వై అంటే యాకుత్‌పురా. డబ్ల్యూ దగ్గర సిటీలో స్టేషన్ దొరక్క వరంగల్ దాకా పోవాల్సి వచ్చేది. ఎక్స్ అంటే లెవెల్ క్రాసింగ్ గేటు, ఎందుకంటే పట్టాల పక్కన పెట్టే బోర్డు అలాగే ఉంటుందని వాళ్ల నాన్న ఆయన అరచేతిలో వేలితో గీసి చూపించాడట. క్యూ, జెడ్ వస్తే మాత్రం "యార్డు" అనాలి. ఏ బండీ ఆగని అక్షరాలన్నీ యార్డులోకి.

మొత్తానికి వైఫై తగిలింది. థాంక్స్ చెప్తాడేమోనని నిలబడ్డాను.

"మంచిగ చదివినవ్" అన్నాడు. "ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టున్నది. ఇయ్యాల్టి సంది నీ పేరు అనౌన్స్‌మెంట్."

ఆ లైబ్రరీలో నా అసలు పేరు ఆ రోజుతో పోయింది.

ఈ తతంగం రోజుకు ఒకసారితో అయ్యేది కాదు. మా వైఫై కొన్ని గంటలకోసారి అందర్నీ బయటికి నెట్టేసి, మళ్లీ పేరూ పాస్‌వర్డూ వంకర అక్షరాలూ అడిగేది. మాకది విసుగు. ఆయనకు అదొక దర్బారు. నడుస్తున్నవాళ్ల అడుగుల చప్పుడు విని ఎవరినో ఒకరిని పిలిచేవాడు. పిలిచినవాళ్లనే మళ్లీ అదే రోజు పిలిచేవాడు కాదు. ఒకసారి నేనే ముందుకెళ్లి చదవబోతే, "నీ డ్యూటీ పొద్దున్నే అయిపోయింది, పో" అని పంపేశాడు. తర్వాత అర్థమైంది, ఎవరికీ ఇదొక బరువు కాకూడదని ఆయన లెక్క. కానీ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. పైకి అనేది వేరు. "ఒక్క గొంతే వింటే బోర్ కొడ్తది."

చదివినవాళ్లకు కూలీ కింద ఒక వ్యాఖ్య దక్కేది. గొణిగేవాణ్ని "నువ్వు నెట్ ఇప్పిస్తున్నవా, ఇల్లు కొల్లగొట్ట సలహా ఇస్తున్నవా?" అనేవాడు. మరీ జాలిగా, మెత్తగా చదివే ఒక లెక్చరర్ గారితో "మేడమ్, నేను ఆస్పత్రిల లేను, లైబ్రరీల ఉన్న" అన్నాడు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే వచ్చి, రైల్వే స్టేషన్లో పల్లీలమ్మినంత గట్టిగా చదివి వెళ్లింది. అన్న ఆ రోజంతా ఖుషీ.

అన్న మంచివాడే గానీ, సాధువు కాదు. మొండి. వాదనలో ఓడిపోతే ఒప్పుకోడు, పనుందని లేచిపోతాడు. నా ఇయర్‌ఫోన్స్ తీసుకుని ఎప్పుడూ తిరిగివ్వలేదు. అడిగితే "నీయి నీకు ఊరికే కూర్చునేటప్పుడు కావాలె, నాయి నాకు కండ్లు" అనేవాడు. షర్టుల మీద మహా మోజు. కాలర్ పట్టుకుని ఏ చొక్కానో చెప్పేవాడు. రంగుల గురించి ఆయనకొక సిద్ధాంతం కూడా ఉండేది.

"రంగులు నాకు తెల్వదు. గానీ పసుపు అంగీ ఏసుకున్న దినం మందికి జెర నోరు ఆగుతది. ఒక్క నిమిషం ఆగి మాట్లాడ్తరు. అంటే ఆ రంగుల ఏదో ఉన్నది."

ఆయనకు సాయం చెయ్యబోయి దెబ్బతిన్నవాళ్లు చాలామంది. ఆయన దెబ్బతిన్న సందర్భం ఒకటి ఆయనే చెప్పేవాడు. సికింద్రాబాద్ స్టేషన్ బయట తార్నాక బస్సు కోసం నిలబడ్డాడట. ఎవరో ఒకాయన ఎక్కడికని కూడా అడక్కుండా రెక్క పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ తీసుకెళ్లి అల్వాల్ బస్సులో కూర్చోబెట్టి, కండక్టరుకు జాగ్రత్తలు చెప్పి మరీ దిగిపోయాడు.

"మరి దిగలేదా అన్నా?"

"గంత ప్రేమతోని ఎక్కిస్తే దిగుడెట్ల? మీ అల్వాల్ దాకా పొయ్యి, చాయ్ తాగి, మళ్ల వచ్చిన. చాయ్ మంచిగ లేదు."

ఇలా నవ్వుతూ తిరిగే మనిషి మొహంలో నవ్వు పోవడం నేను ఒకే ఒక్కరోజు చూశాను.

ఆయనకు ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ వచ్చింది. వీడియోలో జరుగుతుందన్నారు. బయట ఫోన్ నెట్ పెట్టుకుందామంటే క్యాంపస్‌లో ఏవో పనులు జరుగుతున్నాయి, రోజంతా డ్రిల్లింగ్ మోత. అందుకని లైబ్రరీ వెనకున్న చిన్న చర్చల గది మాట్లాడుకున్నాం. ఆయన పొద్దున్నే వచ్చి వైఫై పెట్టుకుని, మాటా చిత్రం సరిగ్గా వస్తున్నాయో లేదో నాతో ఒకటికి రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాడు. "మొఖం మధ్యల ఉన్నదా? పైన ఫ్యాను కనపడ్తున్నదా? ఫ్యానుకు ఉద్యోగమిస్తే కష్టం" అని నవ్వాడు. పిలుపు ఆలస్యమైంది. ఆయన కంటే ముందువాళ్లు ఎక్కువసేపు తీసుకున్నట్టున్నారు. ఎట్టకేలకు పిలిచారు. నేను బయటికొచ్చి తలుపు వేసి, వరండాలో నిలబడ్డాను.

లోపలినుంచి ఆయన గొంతు హుషారుగా వినిపిస్తోంది. మధ్యలో ఎవరో నవ్వారు కూడా. అంతలో లాప్‌టాప్ గొంతు ఏదో అంది. ఆయన మాట ఆగింది.

"అనౌన్స్‌మెంట్!"

తలుపు తోసుకుని వెళ్లాను. పొద్దున పెట్టుకున్న వైఫై గడువు అయిపోయి బయటికి నెట్టేసింది. తెర మీద మళ్లీ ఆ పెట్టె. ఇంటర్వ్యూ ఆలస్యమవుతుంటే ఒకసారి తీసి మళ్లీ పెట్టుకోవాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. నేను చదివాను. తప్పంది. అక్షరాలు మారాయి. మళ్లీ చదివాను, ఆయన మెల్లగా, ఒక్కొక్కటి సరిచూసుకుంటూ కొట్టాడు. మళ్లీ తప్పంది. ఆ గీతల కింద ఉన్నది ఒకటో, ఎల్లో, ఐయ్యో, భూమ్మీద ఎవరికీ తెలిసేలా లేదు. మూడోసారి తప్పు కాగానే, కాసేపాగి ప్రయత్నించమని పెట్టె మూసుకుపోయింది.

లాప్‌టాప్ ఎత్తుకుని ఇద్దరం బయటికి పరుగు తీశాం. ఆయన చెయ్యి నా భుజం మీద, నా ఫోన్ నెట్ ఆయన లాప్‌టాప్‌కి. డ్రిల్లింగ్ మోతలో మెట్ల మీద కూర్చుని మళ్లీ కలిపేసరికి అటువైపు ఇంకొకరి ఇంటర్వ్యూ నడుస్తోంది. ఆయన మెయిల్ రాశాడు, ఫోన్ చేశాడు. మర్యాదగానే చెప్పారట, సమయం అయిపోయిందని.

క్యాంటీన్‌కి వెళ్లి కూర్చున్నాం. తెల్లకర్రను మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. టీ చల్లారిపోయింది. అప్పుడన్నాడు.

"నాకు జవాబు తెల్సు."

"తెలుసన్నా."

"లేదు, నీకు తెల్వదు. వర్క్‌షాపుల సైరన్ వచ్చినంక కాలనీల ఆడోళ్ల పని టైమ్ ఎట్ల మారిందని అడిగిన్రు. గది నా చాప్టర్. మొత్తం తెల్సు నాకు. సగంల ఉన్న."

"అయితే మిగతా సగం నాకు చెప్పన్నా."

ఆయన చెప్పాడు. ఆ క్యాంటీన్ బల్ల దగ్గర, ప్లేట్ల చప్పుడు మధ్య, సైరన్‌కి ముందే వెలిగే పొయ్యిల గురించి, టిఫిన్ డబ్బాలతో గేటు దాకా పరిగెత్తే పిల్లల గురించి, ఆ కమిటీకి చెప్పినట్టే నిటారుగా కూర్చుని మొత్తం చెప్పాడు. అంత మంచి పాఠం నేను ఆ రెండేళ్లలో ఏ క్లాసులోనూ వినలేదు. చెప్పడం అయ్యాక "గంతే సార్" అన్నాడు, అలవాటులో. అని, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సంగతి అందరికీ తెలిసింది. విద్యార్థి సంఘం నాయకుడు ఆవేశంగా ఒక వినతిపత్రం రాసుకొచ్చాడు, కంప్యూటర్ సెంటర్ డైరెక్టర్ గారికి ఇవ్వాలని. సంతకాలు కూడా మొదలయ్యాయి. అన్న దాన్ని నాతో చదివించుకున్నాడు.

"'గౌరవనీయులైన డైరెక్టర్ గారికి. విధి వంచితుడైన మా సోదరుడు...'"

"విధి వంచితుడు తీసెయ్."

"'చీకటి నిండిన జీవితంలో చదువనే దీపాన్ని వెలిగించుకోవాలని తపిస్తూ...'"

"దీపం తీసెయ్. చీకటి సుత తీసెయ్."

"'దీనస్థితిలో పదిమందినీ ప్రాధేయపడుతూ...'"

"నేను ప్రాధేయపడ్డనా? ఎవల్ని? నేను పిలిస్తే మీరు భయపడి ఉరికొస్తుండె." నాయకుడివైపు తిరిగాడు. "అన్నీ తీసేస్తే ఏం మిగిలింది తమ్మీ?"

నాయకుడు కాగితం చూసి, ఇబ్బందిగా, "'గౌరవనీయులైన డైరెక్టర్ గారికి' మిగిలిందన్నా" అన్నాడు.

"చాలు. మిగిలింది నేను పొయ్యి నోటితోని చెప్తా."

నన్ను రమ్మనలేదు. కానీ చూడకుండా ఉండగలనా? వెనకే వెళ్లాను. డైరెక్టర్ గారు ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకునేంత చల్లటి గదిలో కూర్చునేవారు. చాలా పద్ధతైన మనిషి. ఎవరిమీదా గొంతు పెంచరు, ఎవరిపనీ తొందరగా చెయ్యరు.

"హెల్ప్ డెస్క్‌లో కంప్లయింట్ ఇవ్వాలి కదా" అన్నారు.

"ఇచ్చిన సార్. టికెట్ నంబర్ సుత పంపిన్రు. టికెట్ వచ్చింది గానీ బండే రాలే."

"చూడండీ, అది సెక్యూరిటీ కోసం పెట్టింది. ప్రోగ్రాములు దొంగతనంగా లోపలికి రాకుండా. ఎదురుగా ఉన్నది మనిషేనని తెలియాలి. ఒక్కరికోసం తీసేస్తే సిస్టమ్ అంతా ఇబ్బందవుతుంది."

"కరెక్టే సార్. గేటన్నంక కాపలా ఉండాలె. గానీ నేను మనిషినని నేను చెప్తే అది నమ్ముతలేదు. ఎవలో సాక్ష్యం చెప్పాలె. రేపటి సంది నేను మీ తానకే వస్త. గేటు మీది, మీరే సాక్ష్యం చెప్పున్రి."

"నాకు వేరే పని ఉండదా?"

"నాకు సుత ఉంటది సార్."

అందులో వెటకారం లేదు. ఆయన నిజంగానే మామూలుగా అన్నాడు. అన్న అప్పటికే లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు. పద్ధతైన మనిషికి ఎదురుగా పెట్టిన దాన్ని చదవకుండా ఉండటం చేతకాదు కదా. ముందుకు వంగి చదివారు. "బి, ఆర్..."

"బీ నా, డీ నా, పీ నా సార్?"

అలా మొదలైంది. మరుసటి రోజు కూడా వెళ్లాడు. ఆ మరుసటి రోజు కూడా. డైరెక్టర్ గారు మొదట్లో గడియారం చూసేవారట. తర్వాత గుమస్తాలు అన్న కోసం ఒక కుర్చీ వేసి ఉంచడం మొదలైంది. కొన్నాళ్లకు టీ. ఇంకొన్నాళ్లకు నేనొకసారి ఆ వరండాలోంచి పోతుంటే, ఆ చల్లటి గదిలోంచి డైరెక్టర్ గారి గంభీరమైన గొంతు వినిపించింది.

"ఎక్స్‌ప్రెస్ బేగంపేట. లోకల్ సీతాఫల్‌మండి. తొమ్మిది. ఇది... ఇది యార్డు."

నేను వరండాలోనే స్తంభం పట్టుకుని నవ్వాను.

ఇంతలో అన్నకు ఇంకో ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. కరీంనగర్ వైపు ఒక డిగ్రీ కాలేజీ. ఇదీ వీడియోలోనే. ఈసారి అన్నకు భయం పట్టుకుంది. భయపడుతున్నాడని మాకెలా తెలిసిందంటే, వ్యాఖ్యలు మానేశాడు. ఎవరు చదివినా "సరే" అనేవాడు. ఆ "సరే" మాకు తిట్టుకన్నా ఘోరంగా ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, నాకూ కంప్యూటర్ సెంటర్‌లో చిన్న పనుండి, ఆయనతోపాటే వెళ్లాను. డైరెక్టర్ గారు మామూలుగా చదివారు. తప్పంది. "అది సున్నా కాదు, ఓ అయ్యుంటుంది" అని మళ్లీ చదివారు. తప్పంది. ఈసారి కళ్లజోడు తీసి తుడుచుకుని, తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, చాలా జాగ్రత్తగా చదివారు. అన్న అంతే జాగ్రత్తగా కొట్టాడు. ఆ రోజు ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదేమో, లాప్‌టాప్ గదంతా వినబడేలా ఆ విసురు గొంతుతో చెప్పింది, మీరు మనిషని నిర్ధారించలేకపోయాం, కాసేపాగి ప్రయత్నించండి అని.

గుమస్తా ఫైలు చూస్తున్నట్టు నటించాడు. డైరెక్టర్ గారు తెరనే చూస్తూ ఉండిపోయారు. ఆయన జీవితంలో ఆయనకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు.

అన్న చెయ్యి చాచి, బల్ల మీద తడిమి, ఆయన చేతి మీద వేశాడు.

"పరేషాన్ గాకున్రి సార్. మీరు మనిషే. నేను సాక్ష్యం చెప్తా."

మొదట గుమస్తా నవ్వాడు. తర్వాత డైరెక్టర్ గారు. ఆయనకు నవ్వు అలవాటు లేదనుకుంటా, దగ్గులాగా మొదలై, స్వెట్టర్ ఊగిపోయేలా నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. పక్క గదుల్లోంచి జనం తొంగిచూశారు. నవ్వు ఆగాక మొహం మారింది.

"ఇన్నాళ్లూ మీకు రోజూ ఇదేనా?" అన్నారు.

"రోజూ కాదు సార్. నెట్ నెట్టేసినప్పుడల్లా."

వారం తిరక్కుండా లాగిన్ పేజీలోంచి ఆ పెట్టె తీసేశారు. ఒక్క అన్నకే కాదు, అందరికీ. దాని బదులు ఫోన్‌కి ఒక నంబరు వస్తుంది. అన్న ఫోన్ దాన్ని ఆయనకు చదివి వినిపిస్తుంది. ఇంత తేలికైన పనికి అన్నాళ్లెందుకు పట్టిందని డైరెక్టర్ గారిని అడిగితే, "ఎవరూ నా గదికి వచ్చి చూపించలేదు" అన్నారట. దాని మీద మాలో చాలా వాదన జరిగింది. అన్న మాత్రం ఆయన్నేమీ అననివ్వలేదు.

పెట్టె పోయిన మొదటి పొద్దున నాకు బాగా గుర్తు. అన్న లైబ్రరీకొచ్చి, తన కుర్చీలో కూర్చుని, పేరు కొట్టాడు, పాస్‌వర్డ్ కొట్టాడు, ఫోన్‌లో నంబరు విని అదీ కొట్టాడు. కనెక్టయిందని లాప్‌టాప్ చెప్పింది. ఎవరినీ పిలవలేదు. ఒక్క నిమిషం అలాగే కూర్చున్నాడు. తర్వాత వైఫై తీసేసి, మళ్లీ మొదట్నుంచీ పెట్టాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. ఇంట్లో కొత్తగా కరెంటు వచ్చిన రోజు స్విచ్చు దగ్గర పిల్లలు చేసినట్టే. చాలాసేపు అదే పని. నేను అవతల టేబుల్ నుంచి చూస్తూ, ఆయనకు తెలియదనుకున్నాను.

"చూసింది చాల్గని, చదువుకో అనౌన్స్‌మెంట్" అన్నాడు, తల తిప్పకుండానే.

కొన్ని రోజులకు కంప్యూటర్ సెంటర్ నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. స్పీకర్‌లో డైరెక్టర్ గారి గొంతు.

"ఏమయ్యా, రావట్లేదేం?"

"పని లేదు కద సార్. గేటు తెరిచే ఉన్నది."

"పని లేకపోతే రాకూడదా? కుర్చీ అలాగే ఉంది" అన్నారు ఆయన.

అన్న కర్ర విప్పుకుని లేచి, వెళ్లి టీ తాగి వచ్చాడు. తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాడు.

రెండో ఇంటర్వ్యూకి నేను వరండాలో నిలబడ్డాను గానీ, నాకు అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు. తలుపు లోపలినుంచి వేసుకున్నాడు. అరగంటకు పైగా మాటలు వినిపించాయి. ఆయన నన్ను పిలవలేదు. పిలుస్తాడేమోనని తలుపుకి చెవి పెట్టి, పిలవనందుకు సంతోషపడి, కొంచెం బాధ కూడా పడ్డాను. బయటికొచ్చి "ఎట్లయితే గట్లయితది" అన్నాడు. చొక్కా వీపు మొత్తం తడిసి ఉంది.

ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. మేము అడగడం మానేశాం, ఆయన చెప్పడం మానేశాడు. ఆఖరి పరీక్ష రాసి నేను లైబ్రరీకి పుస్తకాలు తిరిగివ్వడానికి వెళ్తుంటే, ముందు మెట్ల మీద ఎండలో కూర్చుని కనిపించాడు. ఒళ్లో లాప్‌టాప్. రెండు ఇయర్‌ఫోన్లూ తీసేసి ఉన్నాయి.

"అనౌన్స్‌మెంట్, ఇటు రా. ఒక మెయిల్ వచ్చింది. చదువు."

"లాప్‌టాప్ చదవలేదా అన్నా?"

"చదివింది. అది అన్నిటిని ఒక్క తీరుగనే చదువుతది. కరెంటు బిల్లు సుత గట్లనే చదువుతది. నాకు నమ్మకం కుదుర్తలేదు. నువ్వు చదువు."

పక్కన కూర్చుని లాప్‌టాప్ నావైపు తిప్పుకున్నాను. ఎండలో తెర సరిగ్గా కనబడక చున్నీ అడ్డం పెట్టుకున్నాను. మొదటి వాక్యం చూడగానే నిటారుగా కూర్చుని, గట్టిగా, మెట్లెక్కేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా, మొత్తం చదివాను. కాలేజీ పేరు, విభాగం, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ, కింద ప్రిన్సిపాల్ సంతకం దాకా.

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, మొహం ఎండకు ఎత్తి కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యెత్తి, గాల్లో వెనక్కి జరిపాడు, మెయిల్ మొదటికి వెళ్లమన్నట్టు.

"పేరు కాణ్ణుంచి మళ్ల చదువు" అన్నాడు. "మెల్లగ."

నేను ఆయన పేరు దగ్గర్నుంచి మళ్లీ చదివాను, మెల్లగా.